బొంబాయి చేప ట్రినిడాడ్‌లో ఎందుకుంది? ఒక చిన్న బ్లెన్నీ పటం చుట్టూ నడుస్తున్న వాదన

ఓమోబ్రాంకస్ పంక్టేటస్ అనే చేప ఎక్కడెక్కడ ఉంటుందో చూపే పటం తెరిస్తే ఎవరికైనా అనుమానం వస్తుంది. పర్షియన్ గల్ఫ్ దగ్గర మొదలైన రంగు భారత తీరం, ఆగ్నేయాసియా మీదుగా జపాన్ దాకా, ఆస్ట్రేలియా దాకా పరుచుకుని ఉంటుంది. ఇంతవరకు బాగానే ఉంది. కానీ ఆఫ్రికాకు అవతల, మరో మహాసముద్రంలో, ట్రినిడాడ్, వెనిజులా, పనామా, బ్రెజిల్ తీరాల మీద కూడా చుక్కలుంటాయి. మధ్యధరా సముద్రంలో, ఇజ్రాయెల్ తీరాన ఇంకొకటి.

వేలెడంత చేప ఇది. పెద్దదైనా పది సెంటీమీటర్లు దాటదు. సముద్రాలు ఈదే రకం అసలే కాదు. అలాంటిది భూగోళానికి రెండు వైపులా ఎలా ఉంది? ఒక జాబితాలో దీన్ని ‘చొరబాటు జాతి’ అంటారు, మరోచోట ‘ప్రవేశపెట్టిన జాతి’ అంటారు. ఈ మధ్య అట్లాంటిక్ చేపకు పేరే వేరు అనే వాదన కూడా వచ్చింది. ఈ మూడూ వేర్వేరు ప్రశ్నలు. వాటిని కలిపేసి చదవడం వల్లే గందరగోళం. విడదీసి చూస్తే ఒక చేప పటం ఎలా తయారవుతుందో, దాన్ని ఎంతవరకు నమ్మాలో తెలుస్తుంది.

గుల్లలో కాపురముండే చేప

బ్లెన్నీలు ఒక పెద్ద కుటుంబం. అందులో దాదాపు 400 జాతులున్నాయి. చాలా వాటికి పొలుసులు ఉండవు, ఒంటి మీద జిగట ఉంటుంది, చేతికి దొరకవు. ఎక్కువ జాతులు ఒడ్డు దగ్గరే, రాళ్ల సందుల్లో, గుల్లల మధ్య బతుకుతాయి. మనం చెప్పుకునే చేపను ఇంగ్లిష్‌వాళ్లు మజిల్డ్ బ్లెన్నీ అంటారు. తల మొద్దుగా ఉంటుంది. ఒంటి ముందు భాగంలో సన్నటి ముదురు గీతలు. దీని తెగలో మొప్పల రంధ్రం బాగా కుదించుకుపోయి, రొమ్ము రెక్క మొదలుకు పైన చిన్న చీలికలా మిగులుతుంది. వంపు తిరిగిన కోరపళ్లుంటాయి. తినడానికి పనికొచ్చే పరిమాణం లేదు కాబట్టి బజారుకు రాదు. వలలో పడినా చెత్త చేపల కుప్పలోకే పోతుంది.

కథకు కీలకం దీని గుడ్ల ఏర్పాటు. ఆడచేప ఖాళీ ఆల్చిప్ప లోపలో, చచ్చిన బార్నకిల్ (రాళ్లకు, ఓడలకు అంటుకుని పెరిగే గుల్ల జీవి) గూటి గోడకో గుడ్లు అంటిస్తుంది. మగచేప ఆ గూట్లోనే కూర్చుని తల మాత్రం బయటికి పెట్టి కాపలా కాస్తుంది. ఎవరైనా దగ్గరికొస్తే లోపలికి జారుకుంటుంది. గుడ్లు పగిలాక పిల్లలు కొన్నాళ్లు నీటిలో తేలుతూ తిరిగి, తరువాత మళ్లీ ఏదో ఒక గుల్లలోకి చేరతాయి. ఈ చేప ఉప్పు తగ్గిన నీటినీ తట్టుకుంటుంది. నదీముఖాలు, మడ అడవులు, రేవు గోడలు దీనికి ఇష్టమైన చోట్లు.

ఇప్పుడు ఒక ఓడ అడుగుభాగం ఊహించండి. బార్నకిళ్లు, ఆల్చిప్పలు పొరలు పొరలుగా పట్టి ఉంటాయి. రేవు గోడకూ దానికీ ఈ చేప దృష్టిలో తేడా ఏముంటుంది?

నాలుగు మాటలు, నాలుగు వేర్వేరు సంగతులు

ముందుకు వెళ్లేముందు కొన్ని పదాల అర్థం స్థిరపరచుకోవాలి. మనుషుల జోక్యం లేకుండా ఒక జాతి చేరిన ప్రాంతం దాని సహజ వ్యాప్తి. మనుషులు తెలిసో తెలియకో చేరవేసిన చోట అది ప్రవేశపెట్టిన జాతి. అలా చేరిన చోట పిల్లలు పెట్టి, తరాలు నిలిస్తే స్థిరపడినట్టు. స్థిరపడ్డ జాతి వేగంగా పాకి, అక్కడి జీవులకో మనుషుల జీవనానికో నష్టం చేస్తే చొరబాటు జాతి.

ఒక్కో మెట్టుకు కావలసిన రుజువు వేరు. ఒక చేప దొరికితే వచ్చిందని తెలుస్తుంది, స్థిరపడిందని తెలియదు. పిల్ల చేపలు, గుడ్లున్న ఆడచేపలు, ఏళ్ల తరబడి నమూనాలు దొరికితే స్థిరపడిందని చెప్పవచ్చు. నష్టం చూపించాలంటే, అది రాకముందు అక్కడ ఏముండేదో లెక్క ఉండాలి. చాలా తీరాలకు ఆ పాత లెక్కే లేదు.

వీటితో పాటు మరో మాట ఉంది: మూలం తేలని జాతి. స్థానికమో, వచ్చినదో చెప్పలేని జీవికి ఈ ముద్ర వేస్తారు. సముద్రజీవుల విషయంలో ఈ వర్గాన్ని 1996లో గట్టిగా ముందుకు తెచ్చినవాడు జేమ్స్ కార్ల్‌టన్ అనే అమెరికన్ శాస్త్రవేత్త. తెలియని వాటినన్నిటినీ ‘స్థానికం’ ఖాతాలో వేసేయడం తప్పని ఆయన వాదన. అది నాకు న్యాయంగానే తోస్తుంది. దాని అవసరం ఇంకాస్త ముందుకు వెళ్లాక వస్తుంది.

1836లో బొంబాయి, 1931లో ట్రినిడాడ్

ఈ చేపకు శాస్త్రీయ నామం పెట్టినవాడు ఫ్రెంచి ప్రకృతి శాస్త్రవేత్త అషీల్ వాలెన్సియెన్. సంవత్సరం 1836. ఆయన ముందున్న నమూనా బొంబాయిది. కాబట్టి శాస్త్రం దృష్టిలో ఈ చేపకు చిరునామా బొంబాయి.

సరిగ్గా 95 ఏళ్లకు కథ మరోచోట మొదలైంది. ట్రినిడాడ్‌లో తారు సరస్సు ఉంది. అక్కడ తారు తవ్వే బార్బర్ ఆస్ఫాల్ట్ కంపెనీ 1930లో ట్రినిడాడ్, వెనిజులా తీరాల్లో చేపలు పట్టించి ఫిలడెల్ఫియాకు పంపింది. వాటిని పరిశీలించిన హెన్రీ వీడ్ ఫౌలర్ 1931లో ఒక చిన్న బ్లెన్నీని కొత్త జాతిగా ప్రకటించి పోరోఆల్టికస్ సెవల్లీ అని పేరు పెట్టాడు. అట్లాంటిక్‌లో దొరికింది కాబట్టి అది అట్లాంటిక్ చేపే అని అనుకోవడంలో వింతేమీ లేదు. ఇండియా చేపలతో పోల్చి చూడాలని ఎవరికైనా ఎందుకు తట్టాలి?

1975లో స్మిత్సోనియన్ సంస్థకు చెందిన విక్టర్ స్ప్రింగర్, మార్టిన్ గోమన్ ఈ ప్రజాతి (దగ్గరి చుట్టాలైన జాతుల గుంపు) మొత్తాన్ని తిరగేశారు. ప్రపంచంలోని మ్యూజియంలలో సీసాల్లో ఉన్న ఓమోబ్రాంకస్ చేపలను పక్కపక్కన పెట్టి, రెక్కల్లోని ముళ్లు, పళ్లు, తల మీది రంధ్రాలు పోల్చారు. ట్రినిడాడ్ చేపకూ బొంబాయి చేపకూ జాతిభేదం చూపేంత తేడా వాళ్లకు కనిపించలేదు. రెండూ ఒకటే అన్నారు. దాంతో సెవల్లీ అనే పేరు పక్కకు పోయింది. అప్పటిదాకా ‘అట్లాంటిక్‌కు మాత్రమే పరిమితమైన జాతి’గా ఉన్నది ఒక్కసారిగా ‘వేరే సముద్రం నుంచి వచ్చిన చేప’ అయిపోయింది. చేప కదల్లేదు, నీళ్లూ మారలేదు. మారింది గుర్తింపు ఒక్కటే, దానితో పటమంతా మారిపోయింది.

పటం మీద చుక్క అంటే ఒక సీసా

ఈ పరిశోధనల్లో అతి పెద్ద సర్వే 2011లో వచ్చింది. వెనిజులా, బ్రెజిల్, పనామాల్లో పనిచేసే శాస్త్రవేత్తలు కలిసి అట్లాంటిక్‌లో ఈ చేప జాడలన్నీ ఒకచోట చేర్చారు. మొత్తం 308 నమూనాలు: బ్రెజిల్ 148, వెనిజులా 109, ట్రినిడాడ్ 30, పనామా 20, కొలంబియా 1. దాదాపు 10,000 కిలోమీటర్ల తీరం వెంట, ఒకదానికొకటి అతకని 6 ప్రాంతాల్లో ఇది ఉందని తేల్చారు.

ఈ అంకెలను ఒకసారి నిదానంగా చూడాలి. కొలంబియాలో దొరికింది ఒకే ఒక్క చేప. పటం మీద దానికీ ఒక చుక్క, బ్రెజిల్ చేపలకూ అలాంటి చుక్కలే. పటం చూసేవాళ్లకు రెండూ సమానంగా కనబడతాయి. ఒక చేప వచ్చి చచ్చిపోయి ఉండవచ్చు, లేదా వేల చేపలున్న చోట ఒక్కటే చేతికి చిక్కి ఉండవచ్చు. చుక్క మాత్రం ఆ తేడా చెప్పదు.

తేదీలదీ ఇదే చిక్కు. మొదట దొరికిన ఏడాది అంటే వచ్చిన ఏడాది కాదు. ట్రినిడాడ్‌లో మొదటి నమూనా 1930ది. అంటే 1930 నాటికే వచ్చిందని మాత్రమే రుజువు. ఎంత ముందు? ఆల్చిప్పల్లో దాక్కునే వేలెడు చేపను వెతకడానికి అంతకుముందు ఎవరూ గుల్లలు పగలగొట్టి చూడకపోతే పదేళ్లయినా కావచ్చు, 80 ఏళ్లయినా కావచ్చు.

తేలుతూ రాగలదా? ఒక లెక్క

మనుషుల ప్రమేయం లేకుండానే పిల్లలు ప్రవాహాల్లో కొట్టుకొచ్చి ఉండవచ్చు కదా అనేది మొదట తట్టే ఆలోచన. దాన్ని అంకెలతో పరీక్షించవచ్చు.

పిల్ల చేప 30 రోజులు నీటిలో తేలుతూ బతుకుతుందని, ప్రవాహం సెకనుకు అర మీటరు వేగంతో ఎప్పుడూ ఒకే దిక్కుకు పోతోందని అనుకుందాం. ఇది ఉదారమైన అంచనా. రోజుకు 86,400 సెకన్లు, అంటే రోజుకు 43 కిలోమీటర్లు. 30 రోజులకు దాదాపు 1,300 కిలోమీటర్లు. కలకత్తా నుంచి గుడ్ హోప్ అగ్రం చుట్టి ట్రినిడాడ్‌కు దూరం సుమారు 20,000 కిలోమీటర్లు. లెక్క ఎటు తిప్పినా అందదు. మధ్యలో గుల్లలున్న తీరాల్లో ఆగి, ఒక్కో తరం ఒక్కో అంగగా రావచ్చు కదా అనవచ్చు. అలా అయితే ఆఫ్రికా పడమటి తీరం వెంట గొలుసుగా ఈ చేపలు దొరకాలి. సహజ వ్యాప్తికి ఉండాల్సిన ఆ గొలుసు కనబడటం లేదు. పైగా ఈ ప్రజాతిలోని మిగతా జాతులన్నీ హిందూ, పశ్చిమ పసిఫిక్ సముద్రాలవే. అట్లాంటిక్‌లో దీనికి చుట్టాలు లేరు.

కాబట్టి మనుషులే తెచ్చారనే విషయంలో పెద్దగా తగాదా లేదు. ఏ ఓడలో, ఎప్పుడు అన్నదే తగాదా.

కూలీల ఓడలు తెచ్చాయా?

1845 మే 30న ‘ఫాతెల్ రజాక్’ అనే ఓడ ట్రినిడాడ్ చేరింది. ఫిబ్రవరి 16న కలకత్తాలో బయలుదేరిన ఆ ఓడ 103 రోజులు ప్రయాణించి 200 మందికి పైగా ఒప్పంద కూలీలను చెరకు తోటలకు దించింది. 1917 దాకా ఆ రాకడ ఆగలేదు. మొత్తం దాదాపు 1,44,000 మంది భారతీయులు ట్రినిడాడ్‌కు వెళ్లారు. ఎక్కువ ఓడలు కలకత్తావే అయినా, కొన్ని మద్రాసు నుంచి వెళ్లాయి. వాటిలో తమిళులతో పాటు మన తెలుగువాళ్లూ ఉన్నారు. అక్కడ వాళ్లందరికీ కలిపి ‘మద్రాసీ’ అనే ఒకే పేరు మిగిలింది.

ఆ ఓడల అడుగున అంటుకుని ఈ చేప కూడా వెళ్లిందనేది ఒక బలమైన ప్రతిపాదన. స్ప్రింగర్, గోమన్ మొదలు 2011 సర్వే చేసినవాళ్ల దాకా దీన్ని లెక్కలోకి తీసుకున్నారు. 2011 బృందం 1845 నుంచి 1917 దాకా ఆ ఓడలు నడిచిన దారులను మళ్లీ గీసి చూసింది.

ఈ వాదనకు బలమిచ్చేవి ఏమిటి? ఓడ వేగం చూడండి. 20,000 కిలోమీటర్లు 103 రోజుల్లో అంటే రోజుకు 194 కిలోమీటర్లు, గంటకు 8 కిలోమీటర్లు. ఆధునిక ఓడలతో పోలిస్తే ఇది నత్తనడక. ఆ వేగానికి గూట్లో దూరిన చేప నీటి తాకిడికి కొట్టుకుపోదు. చెక్కను తొలిచే పురుగులు చేసిన బొరియలూ దానికి ఇళ్లే. రేవు చేరాక కూడా ఓడలు వెంటనే తిరిగేవి కావు. 1866 నుంచి కూలీలను మొదట ట్రినిడాడ్ పక్కనున్న నెల్సన్ ద్వీపంలో దించి, వైద్య పరీక్షలయ్యాకే పంపేవారు. ఓడ లంగరు వేసిన ఆ గల్ఫ్ ఆఫ్ పారియా, ఒరినోకో నది నీరు కలిసే లోతు తక్కువ సముద్రం. హుగ్లీ ముఖం దగ్గర బతికిన చేపకు అది పరాయి నీరులా అనిపించి ఉండదు. పైగా ఇది ఒక్కసారి జరిగిన ప్రయాణం కాదు. 72 ఏళ్లపాటు మళ్లీ మళ్లీ జరిగింది. వందల ఓడల్లో ఏ ఒక్కదానిలోనైనా ఒక ఆడ, ఒక మగ బతికి దిగితే చాలు.

ఇక ఎదురు వాదనలు. 19వ శతాబ్దంలో దూరప్రయాణాల చెక్క ఓడల అడుగుకు రాగి రేకు కొట్టడం మామూలు. రాగి మీద బార్నకిళ్లు అంత తేలికగా పట్టవు. రేకు ఊడిన చోట, చుక్కాని దగ్గర, కీళ్ల దగ్గర పట్టవచ్చు గానీ, రాగి వల్ల అవకాశం బాగా తగ్గుతుందని ఒప్పుకోవాలి. రెండోది చలి. ఆఫ్రికా నైరుతి తీరాన బెంగ్వేలా అనే చల్లటి ప్రవాహం ఉంది. వెచ్చటి నీటి చేప దాన్ని దాటి బతకాలి.

మూడోది నాకు అన్నిటికన్నా ఆలోచించదగ్గదిగా కనబడుతుంది. కూలీల ఓడలే కారణమైతే, ట్రినిడాడ్ కంటే ఎక్కువ మంది భారతీయులు దిగిన గయానాలో ఈ చేప ముందు దొరకాలి. గయానాకు 1838 నుంచే దాదాపు 2,39,000 మంది వెళ్లారు. అయినా ఆ 308 నమూనాల్లో గయానాది ఒక్కటీ లేదు. అక్కడ లేదని దీనికి అర్థమా? గయానా తీరమంతా బురద, గుల్లలు పట్టే గట్టి చోట్లు తక్కువ, వెతికినవాళ్లూ తక్కువ. ఖాళీగా ఉన్న చోటు లేమికి గుర్తో, వెతకకపోవడానికి గుర్తో తేలాలంటే ఆ రేవు గోడల్లో ఎవరో గాలించి చూడాలి.

పనామా కాలువ, తరువాతి ఓడలు

రెండో ప్రతిపాదన పనామా కాలువ. అది 1914లో తెరుచుకుంది. పసిఫిక్ వైపు నుంచి ఆసియా ఓడలు నేరుగా కరేబియన్‌లోకి రావడం మొదలైంది. కాలువ మధ్యలోని గాటున్ సరస్సు మంచినీటిది, సముద్రమట్టానికి 26 మీటర్ల ఎత్తున ఉంటుంది. చాలా సముద్రజీవులకు అది దాటలేని గోడ. ఉప్పు తగ్గినా తట్టుకునే ఈ చేప లాంటివాటికి కాదు. పనామాలో ఇది దొరికింది కూడా.

అయితే పనామా నమూనాలు ట్రినిడాడ్ నమూనా తరువాతి దశాబ్దాలవి. కాలువ తెరిచిన 16 ఏళ్లకే ట్రినిడాడ్‌లో దొరికిన చేపకు పనామా మెట్టు అవసరమా అనేది సందేహం. నా మటుకు నాకు ట్రినిడాడ్ రాకకు కూలీల ఓడల వాదనే ఎక్కువ సబబుగా అనిపిస్తుంది, పనామా చేపలకు కాలువ వాదన సబబు. రెండూ వేర్వేరు రాకలు కావడానికి అడ్డేమీ లేదు. అట్లాంటిక్ చుక్కలన్నిటికీ ఒకే కథ ఉండాలని పట్టుబట్టడం వల్లే వాదన ముడిపడుతోంది.

బ్రెజిల్ దగ్గర ప్రవాహం ఎదురు తిరుగుతుంది

ట్రినిడాడ్‌లో స్థిరపడిన చేప అక్కడి నుంచి తీరం వెంట బ్రెజిల్‌కు పాకిందని కొందరు అనుకున్నారు. పటం మీద అది సులువైన గీతే. సముద్రంలో కాదు. బ్రెజిల్ ఉత్తర తీరం వెంట ప్రవాహం వాయవ్యానికి, అంటే బ్రెజిల్ నుంచి గయానాల మీదుగా ట్రినిడాడ్ వైపు పారుతుంది. తేలే పిల్లలు ఎదురీది ఆగ్నేయానికి పోలేవు.

అందుకే వెనిజులా తూర్పు చివరను, ట్రినిడాడ్‌ను ఒకే ప్రాంతంగా లెక్కించినా, బ్రెజిల్‌కు మాత్రం మరో వాహనం కావాలి. ఇనుప ఓడలు వచ్చాక బరువు కోసం రాళ్లు, ఇసుకకు బదులు సముద్రపు నీళ్లు నింపుకోవడం అలవాటైంది. ఒక రేవులో తోడిన నీళ్లు ఇంకో రేవులో వదులుతారు. పిల్ల చేపలు అందులో ప్రయాణం చేయగలవు. సముద్రంలో చమురు తవ్వే రిగ్గులు మరో దారి. ఏళ్ల తరబడి ఒకచోట నిలబడి గుల్లలు దట్టంగా పట్టిన రిగ్గును నెమ్మదిగా లాక్కుపోయి వేరే దేశపు తీరంలో నిలబెడతారు. చమురు రేవులున్న వెనిజులా, బ్రెజిల్ తీరాల్లో ఈ చేప దొరకడం ఈ వాదనకు ఊతం. బ్రెజిల్‌లో కూడా ఉత్తరాన ఉన్నవి, ఆగ్నేయాన ఉన్నవి రెండు విడివిడి ప్రాంతాలు.

నియమాల సంగతీ ఇక్కడే చెప్పుకోవాలి. ఓడల బరువు నీటిని శుద్ధి చేయాలనే అంతర్జాతీయ ఒప్పందం 2004లో కుదిరి, 2017 సెప్టెంబరు 8న అమల్లోకి వచ్చింది. అడుగుకు పట్టే గుల్లల విషయంలో అంతర్జాతీయ నౌకాసంస్థ 2011లో ఇచ్చి, 2023లో సవరించినవి మార్గదర్శకాలు మాత్రమే, పాటించి తీరాలన్న నిబంధన లేదు. గుల్లలో గుడ్లు పెట్టే చేపకు రెండో దారే సహజమైనది.

మధ్యధరా చుక్క

ఇజ్రాయెల్ శాస్త్రవేత్త డానియెల్ గోలానీ మధ్యధరాలో ఈ చేప తొలి నమోదును 2004లో ప్రచురించాడు. ఇక్కడ చిక్కేమిటంటే సూయజ్ కాలువ. 1869లో తెరిచిన ఆ కాలువలో లాకులు లేవు, ఆ చివరి నుంచి ఈ చివరి దాకా ఉప్పునీరే. వందల జాతులు ఎర్ర సముద్రం నుంచి స్వయంగా ఈదుతూ వచ్చాయి. కాబట్టి చేప సొంతంగా వచ్చిందా, ఓడతో వచ్చిందా అనేది ఒక నమూనాతో తేలదు. గోలానీ తన వ్యాసంలో ఓడల ద్వారా చేపలు చేరే విషయాన్ని కూడా చర్చించాడు.

వచ్చినదా, చొరబడినదా?

దీన్ని చొరబాటు జాతి అనేవాళ్ల వాదన: 10,000 కిలోమీటర్ల తీరంలో 6 చోట్ల కనబడింది, పిల్లలు పెడుతోంది. అక్కడి స్థానిక బ్లెన్నీలకు కావలసినవీ అవే ఖాళీ గుల్లలు. గూడు దొరకని మగచేప పిల్లలు పెట్టలేదు. నష్టం రుజువయ్యేదాకా ఆగితే అప్పటికి చేయడానికి ఏమీ ఉండదు.

వద్దనేవాళ్ల వాదన: ఫలానా స్థానిక చేప దీని వల్ల తగ్గిందని చూపిన లెక్క కావాలి. కరేబియన్‌లోని లయన్‌ఫిష్‌తో పోల్చండి. 1985లో ఫ్లోరిడా దగ్గర మొదట కనబడిన ఆ చేప పగడపు దిబ్బల మీద చిన్న చేపలను తినేయడాన్ని కొలిచి చూపారు. అక్కడ ఆ మాట వాడటానికి కొలత ఉంది. అన్నిటికీ అదే మాట వాడితే నిజంగా ప్రమాదకరమైనదేదో గుర్తుపట్టలేం.

నాకు రెండో పక్షం మాట సరిగ్గా ఉందనిపిస్తుంది. అట్లాంటిక్‌లో ఇది ‘ప్రవేశపెట్టిన, స్థిరపడిన’ జాతి అనడానికి కావలసినంత రుజువుంది. అంతకు మించి అనాలంటే గూళ్ల కోసం జరిగే పోటీని ఎవరైనా కొలవాలి. మొదటి పక్షం చెప్పే జాగ్రత్త మాత్రం ఓడల శుభ్రత విషయంలో వంద శాతం వర్తిస్తుంది.

బొంబాయైనా సొంత ఊరేనా?

ఈ ప్రశ్నకు జవాబు చాలామంది అనుకునేంత తేలిక కాదు. 1836లో అక్కడ దొరికింది కాబట్టి అక్కడిదే అనుకుంటాం. కానీ హిందూ మహాసముద్రంలో చెక్క ఓడలు రెండు వేల ఏళ్లకు పైగా తిరుగుతున్నాయి. అరబ్బు తీరం, గుజరాత్, కోరమండల్, మలక్కా మధ్య నడిచిన ఓడలు ఎన్ని గుల్లల్ని అటూ ఇటూ మోశాయో! ఫ్రెంచి శాస్త్రవేత్త సీసాలో చేప పడేసరికే బొంబాయి పెద్ద ఓడరేవు.

ఈ సముద్రంలో ఇది స్థానికమే అనడానికి ఆధారం ఉంది: ఈ ప్రజాతిలో 20కి పైగా జాతులుండటం, అవన్నీ ఇక్కడే ఉండటం, తీరం వెంట తెగని వ్యాప్తి. అంత పెద్ద ప్రాంతంలో ఏ మూల అసలుది, ఏ మూలకు ఓడ చేర్చింది అనే చోటే కార్ల్‌టన్ చెప్పిన ‘మూలం తేలని’ వర్గం అక్కరకొస్తుంది. పర్షియన్ గల్ఫ్ నుంచి జపాన్ దాకా ఒకే రంగు పూసిన పటం ఆ సందేహాన్ని దాచేస్తుంది.

ఒకే చేప, రెండు వైశాల్యాలు

జీవుల భద్రతా స్థితిని అంచనా వేసే ఐయూసీఎన్ రెండు రకాల వైశాల్యాలు లెక్కిస్తుంది. ఈ రెండిటినీ కలిపేసి రాసే వార్తలు తరచూ వస్తాయి కాబట్టి చిన్న ఉదాహరణ చూద్దాం. ఏదో ఒక చేప 300 కిలోమీటర్ల పొడవు, 200 కిలోమీటర్ల వెడల్పున్న సముద్రభాగానికి నాలుగు మూలల్లో నాలుగు రేవుల్లో దొరికిందనుకోండి. బయటి చుక్కలన్నీ కలుపుతూ గీత గీస్తే లోపలి వైశాల్యం 60,000 చదరపు కిలోమీటర్లు. ఇది మొదటి కొలత. రెండో కొలతకు పటాన్ని 2 కిలోమీటర్ల గళ్లుగా విడగొట్టి, చేప దొరికిన గళ్లనే లెక్కపెడతారు. నాలుగు గళ్లు, ఒక్కోటి 4 చదరపు కిలోమీటర్లు, మొత్తం 16. అదే చేప, అవే చుక్కలు.

ముప్పు జాబితాలో ‘దుర్బల’ వర్గానికి హద్దు మొదటి కొలతలో 20,000, రెండో కొలతలో 2,000 చదరపు కిలోమీటర్లు. మన ఉదాహరణలోని చేప ఒక కొలతలో హద్దుకు బయట, ఇంకోదానిలో లోపల. కేవలం వైశాల్యం చిన్నదైతే జాబితాలో చేర్చరు, తగ్గుదల లాంటి ఇతర షరతులూ చూస్తారు. మామూలుగా మనుషులు చేరవేసిన ప్రాంతాన్ని ఈ లెక్కలో కలపరు. అంటే ట్రినిడాడ్ చుక్క సహజమా కాదా అన్న పాత వాదన నేరుగా లెక్కను మారుస్తుంది. 1975కు ముందు సెవల్లీకి ఈ పద్ధతి వాడి ఉంటే, కరేబియన్ మూలలో మాత్రమే దొరికే అరుదైన చేపగా తేలి ఉండేది.

డీఎన్‌ఏ వచ్చాక పేరు మళ్లీ కదిలింది

స్ప్రింగర్, గోమన్ కంటితో, సూక్ష్మదర్శినితో పోల్చారు. చూడటానికి ఒకేలా ఉండి, జన్యువుల్లో లక్షల ఏళ్ల దూరం ఉండే జాతులు బ్లెన్నీల్లో తక్కువేమీ కాదు. 2022లో వచ్చిన ఒక అధ్యయనం ఆకారాన్నీ డీఎన్‌ఏనూ కలిపి చూసి, పంక్టేటస్ అని పిలుస్తున్నది ఒకే జాతి కాకపోవచ్చని చెప్పింది. పక్కన పెట్టిన సెవల్లీ పేరు ఆ చర్చలో మళ్లీ ముందుకొచ్చింది.

దీని ఫలితం కాస్త మెలికగా ఉంటుంది. పేరు మారినంత మాత్రాన అట్లాంటిక్ చేప స్థానికం అయిపోదు. ట్రినిడాడ్‌లో మొదట పేరు పెట్టారు కాబట్టి ఆ పేరు దానికి అంటుకుంటుంది. సొంత ఊరు మాత్రం వేరే సముద్రంలోనే ఉండవచ్చు. అంటే బయటివాళ్లు మొదట గమనించిన పరాయి దేశం దాని చిరునామా అవుతుంది, స్వదేశంలో దాన్ని ఇంకా సరిగా గుర్తించాల్సి ఉంటుంది. కాబట్టి పాత రికార్డుల్లో ‘పంక్టేటస్’ అని ఉన్న ప్రతి చుక్కనూ మళ్లీ తరచి చూడాలి. 1836 నాటి బొంబాయి నమూనా ఏ గుంపుకు చెందుతుందో అసలు పేరు ఆ గుంపుకే ఉంటుంది.

కూలీల ఓడల ప్రశ్నకు కూడా జవాబు ఇక్కడే దొరకాలి. ట్రినిడాడ్ చేపల జన్యువులు కలకత్తా, మద్రాసు తీరాల చేపలతో దగ్గరగా కలిస్తే ఆ వాదన నిలబడుతుంది. ఆగ్నేయాసియా లేదా పసిఫిక్ చేపలతో కలిస్తే కాలువ వాదన గెలుస్తుంది. బ్రెజిల్ ఉత్తరపు చేపలు ఒకదానితో, ఆగ్నేయపు చేపలు మరొకదానితో కలిస్తే రాకలు ఎన్నో తేలుతుంది. కొద్ది చేపలే దిగిన చోట జన్యువైవిధ్యం తక్కువగా ఉంటుంది. మళ్లీ మళ్లీ దిగిన చోట ఎక్కువ. 72 ఏళ్ల రాకపోకలు నిజమైతే ఆ గుర్తు కూడా కనబడాలి. ఫార్మలిన్‌లో పెట్టిన పాత సీసాల చేపల నుంచి డీఎన్‌ఏ తీయడం కష్టం కాబట్టి కొత్త నమూనాలు కావాలి. హుగ్లీ ముఖం నుంచి మద్రాసు దాకా, మధ్యలో గోదావరి, కృష్ణా ముఖాల మడల్లోనూ, విశాఖ, కాకినాడ రేవు గోడల మీదా గుల్లలు వెతికి చూడాలి. ఓడలు బయలుదేరిన వైపు నమూనాలు లేకుండా, అవి చేరిన వైపు చేపల్ని ఎంత పరిశీలించినా పోల్చుకోవడానికి ఏమీ ఉండదు.